కుడివైపు మాత్రమే దురద

ఆదివారం ఉదయం పరీక్షకుడి పథకం చాలా చిన్నది. బజారుకు వెళ్లడం, చలికి చొక్కా లోపల వేసుకునే పొడుగు చేతుల ఉన్ని బనియను ఒకటి కొనడం, పది గంటలకల్లా ఇంటికి వచ్చేయడం. తూనిక యంత్రాల కంపెనీలో పదకొండేళ్లుగా పరీక్షకుడిగా పనిచేస్తున్నవాడికి ఇన్నాళ్లకు బయటి ఊరి పని తగిలింది. కొండల మీద మంచు కురిసే ఊళ్లో కంపెనీ యంత్రాలను వారం రోజులు పరీక్షించి రావాలి. ఇంతకాలం ఈ ఊరి ఉక్కలో తూకపు రాళ్లు ఎత్తి దించుతూ, మంచును గోడమీది క్యాలెండరులో చూసుకుని తృప్తి పడ్డాడు. ఈ ప్రయాణం చేజారితే మళ్లీ ఆ క్యాలెండరే గతి.

చేతిసంచీ ఒక్కటే తీసుకెళ్లాలని, ఏడు రోజులూ ఒకే బనియనుతో గడపాలని అతని నిర్ణయం. అంటే అది దురద పెట్టకూడదు, వాసన రాకూడదు.

"ఇది సన్న ఉన్ని సార్. వారం వేసుకున్నా వాసన రాదు, ఒంటికి గుచ్చుకోదు," అన్నాడు దుకాణదారు తెల్లటి బనియను పరిచి.

"మరి ఆ నల్లది?"

"పాలియెస్టర్ కలిపిన ముతక ఉన్ని. అదీ అంతే సార్."

"రెండూ అంతే అయితే రెండు రకాలెందుకయ్యా?"

"ఇలా అడిగేవాళ్లుంటారు కదా సార్, అందుకని."

గొడుగు కొన్నా కుళాయి కింద నిలబడి చూస్తే గానీ నమ్మని మనిషి పరీక్షకుడు. రెండూ కొన్నాడు. ఒక్కొక్కటి వారం చొప్పున వేసి చూద్దామంటే ప్రయాణం వచ్చే సోమవారమే. పైగా ఈ వారం ఎండా వచ్చే వారం ఎండా ఒకటి కావు. ఏది మేలో ఒకే ఒంటి మీద, ఒకే చెమటలో తేలాలి. సరాసరి టైలరు దగ్గరికి వెళ్లి రెండు బనియన్లనూ నిలువునా కోయించి, ఎడమ సగం తెల్లది, కుడి సగం నల్లది వచ్చేట్టు ఒకటి కుట్టించాడు. మిగిలిన రెండు సగాలనూ టైలరు అడక్కుండానే కలిపి కుట్టిచ్చాడు. మంచి మనసున్న టైలరు.

"ఏమండీ, మీరు కొన్నవి రెండు. ఇప్పుడు సరైనది ఒక్కటీ లేదు కదండీ?" అంది భార్య.

"పరీక్ష సంగతి నీకేం తెలుసు?"

"తెలియదనేగా అడుగుతున్నా!"

జవాబు లేని ప్రశ్నలను వినకపోవడం అతనికి అలవాటే. ఏడు రోజులూ పూర్తయ్యేదాకా ఎవరికీ చెప్పొద్దని మాత్రం ఆమెచేత ఒట్టు వేయించుకున్నాడు. ముందే తెలిస్తే చుట్టుపక్కల ముక్కులు పక్షపాతం చూపిస్తాయట. ముఖ్యంగా అదే కంపెనీ స్టోర్సులో పనిచేసే ఆమె తమ్ముడికి తెలియకూడదు. బావమరిది నోట్లో నువ్వుగింజ నానదు.

సోమవారం పరీక్ష మొదలైంది. మంగళవారానికి కుడివైపు దురద వచ్చింది. పరీక్షకుడు కొయ్య స్కేలును కుడి చంక కిందికి దూర్చి గోక్కుంటూ, ఆ ఆనందంలోనే రిజిస్టరులో టైము రాసుకున్నాడు. బుధవారం అతనికి కుడిపక్కన కూర్చునే టపా గుమస్తా ముక్కు మూసుకున్నాడు.

"ఇక్కడెక్కడో ఎలుక చచ్చిందండీ!"

"నాకేం రావట్లేదే," అంది ఎడమపక్క టైపిస్టు.

"మీకు జలుబు చేసుంటుంది."

"మీకు చాదస్తం చేసుంటుంది."

పరీక్షకుడు రిజిస్టరు తీశాడు. 'కుడి: మూడో రోజు, గాఢం. ఎడమ: నిల్' అని రాసుకున్నాడు. గురువారం కుడిపక్క బీరువాలు జరిపారు, సొరుగులు లాగారు, నేలమీది చెక్కలు కూడా ఊడదీశారు. కొండను తవ్వి ఎలుకను పట్టడం విన్నాం గానీ, గదంతా తవ్వినా ఇక్కడ ఆ ఎలుకా దొరకలేదు. శుక్రవారం గాలి కోసమని బల్లలన్నీ వెనక్కి తిప్పి వేశారు. పరీక్షకుడి కుడిచెయ్యి ఇప్పుడు అవతలి గోడవైపు వచ్చింది. వాసనా అటే వెళ్లింది. చచ్చిన ఎలుక ఈ గోడ నుంచి ఆ గోడకు నడిచిందన్న వార్త శనివారం పొద్దున్నే మేనేజరుకు చేరింది.

మేనేజరు వచ్చి చూసేసరికి పరీక్షకుడు కళ్లు మూసుకుని గోక్కుంటున్నాడు.

"వారం నుంచీ ఇంతే సార్. మా బావకు కుడివైపే దురద," అన్నాడు పనిలేకపోయినా వెంట వచ్చిన బావమరిది. పాపం, నిజంగా బెంగతోనే అన్నాడు.

కంపెనీ డాక్టరును పిలిపించారు.

"కుడివైపు మాత్రమేనా?" అన్నాడు డాక్టరు.

"సరిగ్గా మధ్యగీత దాకా," అన్నాడు పరీక్షకుడు గర్వంగా.

"అలాంటి జబ్బు నేను వినలేదే. చొక్కా విప్పండి."

విప్పాడు. సగం తెలుపు, సగం నలుపు.

"ఇది... ఎవరు కుట్టించారు?" అన్నాడు మేనేజరు.

"నేనే సార్."

"ఎందుకు?"

ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పి ఉంటే పరీక్షకుడు సోమవారానికల్లా మంచు దారి పట్టేవాడు. కానీ నియమం నియమమే.

"రేపు సాయంత్రం దాకా చెప్పకూడదు సార్. ఇంకా ఒక రోజుంది."

మేనేజరు గొంతు చప్పున మెత్తబడింది. "వద్దులెండి, అసలు చెప్పొద్దు. హాయిగా విశ్రాంతి తీసుకోండి. కొండల మీదికి మీ బావమరిదిని పంపిస్తాలెండి, యంత్రాలు అతనికీ తెలుసుగా."

ఆదివారం సాయంత్రం ఏడో రోజు ముగిసింది. బావమరిది తలవంచుకుని వచ్చాడు.

"బావా, నామీద కోపం పెట్టుకోకు. అక్క ఇప్పుడే అంతా చెప్పింది. ఇంతకీ ఏ బనియను కొనమంటావు?"

పరీక్షకుడికి దుఃఖం పొంగుకొచ్చింది. నల్లది కొనుక్కో, ఏడు రోజులు రెండు వైపులా గోక్కుంటూ చావు అనాలనిపించింది. నోరు కూడా తెరిచాడు. పదకొండేళ్లలో ఒక్క తప్పుడు తూకం రాయని మనిషి! పాడు అలవాటు అడ్డం వచ్చింది.

"తెల్లది," అన్నాడు పళ్లు కొరుకుతూ. "సన్న ఉన్ని. ఇదుగో రిజిస్టరు, చూసుకో."

బుధవారం కొండల మీది నుంచి ఫోను వచ్చింది.

"బనియను ఎలా ఉందిరా?" అన్నాడు పరీక్షకుడు, మంచు సంగతి అడగడానికి మనసొప్పక.

"సంచీలోనే ఉంది బావా. గదిలో హీటరు, కార్ఖానాలో హీటరు, కారులో హీటరు! చొక్కా గుండీలు కూడా విప్పుకుని కూర్చున్నా. మన ఊరే చల్లగా ఉంటుంది."

"మరి మంచు?" ఉండబట్టలేక అడిగేశాడు.

"కిటికీ అద్దంలోంచి కనిపిస్తోంది. అచ్చం మీ గోడమీది క్యాలెండరులో ఉన్నట్టే ఉంది."

పరీక్షకుడు ఫోను పెట్టేసి, కాసేపు క్యాలెండరు వంక చూసి, రిజిస్టరులో ఆఖరి గడి నింపాడు: 'చలిలో పరీక్షించలేదు. మళ్లీ మొదటి నుంచి.'