మేస్త్రికి మాత్రమే వినిపించిన ఫోను

ఆ సెలవు రోజు పొద్దున్నే కలప కోత మిల్లు మేస్త్రి వంటింటి అలమర తలుపు సరిచేద్దామని ఉలి చేతపట్టాడు. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. ఆ నిశ్శబ్దంలో ఎక్కడో సన్నగా ఫోను మోగుతోంది. తన ఫోను జేబులోనే ఉంది. భార్యది బల్ల మీదుంది. రెండూ ఉలుకూ పలుకూ లేకుండా ఉన్నాయి.

"ఏదో మోగుతోంది, వినపడట్లేదూ?" అన్నాడు.

కూరగాయలు తరుగుతున్న భార్య లేదన్నట్టు తలూపింది.

మేస్త్రి గుండెలో ముల్లు దిగింది. ఈమధ్య ఆమె ఫోనులో ఎవరితోనో గుసగుసలాడుతోంది. దగ్గరికెళ్తే పెదవులు కదలడమే గానీ మాట వినిపించదు. అయితే ఇంట్లో మూడో ఫోను ఉంది. ఇచ్చినవాడూ ఎవడో ఉన్నాడు.

ఆమె బజారుకు వెళ్లగానే బీరువా ఖాళీ చేశాడు. పరుపు కుట్లు విప్పాడు. మోత ఆగలేదు. గోడలోంచి వస్తోందేమోనని ఎలక్ట్రీషియన్ అయిన బామ్మర్దిని పిలిపించాడు. అతను గోడకు చెవి ఆనించి ఏమీ లేదన్నాడు. అక్కా తమ్ముడూ కూడబలుక్కున్నారని మేస్త్రికి తేలిపోయింది. సుత్తి తానే అందుకున్నాడు. గోడలో దొరికింది నీళ్ల గొట్టం.

భార్య తిరిగొచ్చేసరికి దూది, చీరలు, మొగుడు అన్నీ తడిసి ముద్దయ్యాయి. వాడెవడో చెప్పమన్నాడు మేస్త్రి. ఆమె ఏదో చెప్పింది.

"మళ్లీ గుసగుసలేనా?"

"బావా, అక్క అరుస్తోంది," అన్నాడు బామ్మర్ది గట్టిగా, మేస్త్రి చెవి దగ్గరకొచ్చి. "పక్కింటివాళ్లు కూడా వచ్చేశారు, చూడు."

చెవుల డాక్టరు పరీక్షలన్నీ చేసి, ఆ ఫోను మేస్త్రి చెవుల్లోనే ఉందని చెప్పింది. ఏళ్ల తరబడి చెవులకు అడ్డేమీ లేకుండా రంపం పక్కన నిలబడటంతో వినికిడి తగ్గిందట. అలాంటప్పుడు బయటి చప్పుడు అందక మెదడే ఓ మోత పుట్టించుకోవచ్చట. దాన్ని వెంటనే ఆపే మాత్ర లేదు. మిల్లులో చెవులకు రక్షణ, వినికిడి యంత్రం, ఇంట్లో సన్నగా ఏదో ఒక చప్పుడు ఉంటే మేలు. కంగారుపడేకొద్దీ పెరుగుతుంది.

"అయితే వాడు...?" అన్నాడు మేస్త్రి.

"ఎవరు?"

"ఎవరూ లేరులెండి."

గుసగుసలన్నీ మొగుడికి చెవుడొస్తోందని భార్య తన తల్లితో చెప్పుకున్న బాధేనని ఇంటికొచ్చే దారిలో తెలిసింది.

మేస్త్రి చిన్న రేడియో కొన్నాడు. అందులో ఓ ఆవిడ మెత్తటి గొంతుతో కబుర్లు చెబుతుంటే మోత మరుగున పడేది, ముఖాన చిరునవ్వు తేలేది. భార్య కొన్నాళ్లు చూసింది.

"ఆవిడ పలికితేనే మీ చెవి చల్లబడుతుందా?" అని స్టేషను మార్చి, రేడియో తన దగ్గర పెట్టుకుంది.

ఇప్పుడు ఆ ఇంట్లో రోజంతా వినిపించేవి పశువుల పెంపకం మీద సలహాలు. చెప్పేది ఓ ముసలాయన.