పది తీసేసిన అలమర

శనివారం పొద్దున ఏడింటికి పళ్ళ డాక్టరు రెండో కప్పు టీ తాగుతూ ఆ రోజు కార్యక్రమం భార్యకు వివరించాడు. తొమ్మిదికల్లా కొలతలు, పన్నెండుకల్లా కోతలు, సాయంత్రానికి హాల్లో రెండు గోడల మధ్య సందులో పుస్తకాల అలమర.

"రేపు మధ్యాహ్నం మీ నాన్నగారు వచ్చేసరికి మనిద్దరం చెరో కుర్చీలో కూర్చుని, ఏమీ ఎరగనట్టు పుస్తకాలు చదువుకుంటూ ఉండాలి," అన్నాడు.

"ఏ పుస్తకాలు?"

"ఏవో ఒకటి. పై అరలోంచి తీసినవి."

పెళ్ళై మూడు నెలలైంది. వారంలో ఐదు రోజులు అతను జనం పళ్ళు బాగుచేస్తాడు, ఆమె బడిలో పిల్లల చేత లెక్కలు చేయిస్తుంది. శని, ఆదివారాలు మాత్రం బాల్కనీ వర్క్‌షాపు అయిపోతుంది. రంపం, చిత్రిక, ఉలి, డబ్బా నిండా మేకులు. ఆ రెండు రోజులూ ఇల్లంతా రంపపు పొట్టే. దిండు కింద పొట్టు, దువ్వెనలో పొట్టు, ఒక్కోసారి టీలోనూ పొట్టు. లెక్కల టీచరుకు ఇదంతా మహా ముచ్చటగా ఉండేది. సోమవారం నుంచి శుక్రవారం దాకా లవంగ నూనె వాసన వేసే మొగుడు శని, ఆదివారాల్లో కొత్త చెక్క వాసన వేస్తాడు. ఒకే పెళ్ళిలో ఇద్దరు మొగుళ్ళు దొరికినట్టుందని తనలో తనే నవ్వుకునేది.

అయితే ఇంతవరకూ అతని చేతి నుంచి బయటపడ్డవి మూడే వస్తువులు. తలుపు కొట్టుకోకుండా కింద పెట్టే చెక్కముక్క ఒకటి, ఎవరూ కూర్చోని పీట ఒకటి, గరిటెగా మొదలై చెంచాగా తేలిన సాధనం ఒకటి. అలాంటి మనిషి అలమరకు పూనుకోవడానికి కారణం మామగారు.

మామగారు నలభై ఏళ్ళ వడ్రంగి. ఆయన ఒక కన్ను మూసి చూస్తే చెక్క తన తప్పు తానే ఒప్పుకుంటుందని పేరు. పెళ్ళిలో ఆయన, "మీ కొత్తింటికి అలమర నేనే చేసిస్తాను బాబూ," అన్నాడు. అల్లుడు ఉత్సాహం పట్టలేక, "మీకెందుకండీ శ్రమ, నేనే చేసేస్తాను," అనేశాడు. మామగారు ఒక కన్ను మూసి అల్లుణ్ణి కింది నుంచి పై దాకా చూసి, "చూద్దాం," అన్నాడు. ఆ ఒక్క మాట మూడు నెలలుగా అల్లుడి గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. అది పోవాలంటే ఆ నోటి నుంచే "బాగుంది" అన్న మాట రావాలి. ఇంకే మందూ లేదు.

తొమ్మిదికి కొలతలు మొదలయ్యాయి. టేపు చివర ఉండే కొక్కెం గతవారమే ఊడిపోయింది. డాక్టరు కంగారు పడలేదు.

"అసలైన పనివాళ్ళు సున్నా నుంచి కొలవరు తెలుసా? పది గీత నుంచి కొలుస్తారు. చివర్లో పది తీసేస్తే సరి."

"అబ్బో, ఎంత తెలివో!" అంది టీచరు నిజంగానే మురిసిపోతూ.

అతను పది గీతను ఎడమ గోడకు ఆనించి పట్టుకున్నాడు. ఆమె కుడి గోడ దగ్గర వంగి చూసింది. నూట ఆరు. లెక్కల టీచరు కళ్ళ ముందు తీసివేత ఉండగా చేయకుండా ఊరుకోవడం, పిల్లి ముందు పాలు పెట్టి కాపలా ఉండమనడం లాంటిది. మనసులోనే పది తీసేసి, "తొంభై ఆరు!" అని అరిచింది. ఇటు చివర డాక్టరు, తాను చెప్పిన సూత్రం తానే మరిచిపోకూడదని జాగ్రత్తగా మరో పది తీసేసి, కాగితం మీద ఎనభై ఆరు అని రాసుకుని, కింద రెండు గీతలు గీశాడు.

ఆ తర్వాత ఎనిమిది గంటలు పని అద్భుతంగా సాగింది. రంపం ఆనించేముందు ప్రతి చెక్కకూ అలవాటు కొద్దీ, "కొంచెం ఓర్చుకోండి, అయిపోయింది," అని ధైర్యం చెప్పాడు. టీచరు గరుకు కాగితంతో అంచులు నున్నగా రుద్దింది. జిగురు పూశారు, మేకులు కొట్టారు. ఐదింటికి ఇద్దరూ చెరో పక్కా పట్టుకుని, "హైలెస్సా!" అంటూ అలమరను సందులోకి తోశారు.

అది సందులోకి వెళ్ళింది. చాలా సులువుగా వెళ్ళింది. వెళ్ళాక పక్కన ఇంకా చోటు మిగిలింది. ఆ చోటులో చేయి పెట్టి టీచరు అటూ ఇటూ ఆడించింది.

"ఏమండీ, ఇక్కడ పది సెంటీమీటర్లు ఎక్కువున్నాయి."

"ఎక్కువెలా ఉంటాయి? గోడలేమైనా జరిగాయా?"

"నేను పది తీసేసే చెప్పాను కదా!"

"నువ్వెందుకు తీశావు? తీసేది నేను కదా!"

"తీసేది మీరని నాకెవరు చెప్పారు?"

"తీసేయాలని చెప్పిందే నేను కదా!"

"అందుకే తీశాను!"

ఈ వాదనకు ఎక్కడా అతుకు కనపడకపోవడంతో ఇద్దరూ నేల మీద కూర్చుని పడీపడీ నవ్వారు. నవ్వి లేచేసరికి, దన్ను లేని అలమర మత్తు దిగని రోగిలా ఒక పక్కకు ఒరుగుతోంది.

మళ్ళీ కోయడానికి చెక్క లేదు. అలమరను ఎడమ గోడకు ఆనించి స్క్రూలు బిగించేస్తే కదలదు, కుడి పక్క సందును గొడుగులు పెట్టుకోవడానికే వదిలామని చెప్పొచ్చు. "మీ నాన్నగారికి గొడుగంటే ఇష్టమేగా?" అని అడిగాడు డాక్టరు ఆశగా.

గోడలోకి ఐదు సెంటీమీటర్ల రంధ్రం చాలు. డ్రిల్లు ముల్లు మీద అంతవరకు కొలిచి ఎర్ర కాగితం అంటిస్తే, అది కనపడగానే ఆపేయొచ్చు. పది గీత నుంచి కొలిస్తే గుర్తు పదిహేను దగ్గర పడాలి. డాక్టరు ఈసారి ఎంతో జాగ్రత్తగా ఉన్నాడు.

"పదిహేను దగ్గర గుర్తు పెట్టు. నీకు దణ్ణం పెడతాను, ఈసారి మాత్రం ఏమీ తీసేయకు!"

"తీయనంటే తీయను," అంది టీచరు. అన్న మాట నిలబెట్టుకుంది. ముల్లు మొనను టేపు మొదట్లోనే పెట్టి, సరిగ్గా పదిహేను దగ్గర గుర్తు అంటించింది. పొద్దున రెండుసార్లు పోయిన పది, ఇప్పుడు ఒక్కసారి కూడా పోలేదు.

డ్రిల్లు గుర్రుమంది. "నొప్పి ఉంటే చెయ్యెత్తండి," అన్నాడు డాక్టరు గోడతో. గోడ చెయ్యెత్తలేదు. ఎర్ర గుర్తు కనపడేదాకా తవ్వాడు. చెక్కా గోడా కలిపి మందం పద్నాలుగు.

అర నిమిషంలో తలుపు దబదబా మోగింది. పక్కింటి పిన్నిగారు.

"అమ్మాయ్! మీ ఆయన మా ఆయన ముక్కులోంచి బయటికొచ్చాడు!"

టీచరు హడలిపోయింది. "అయ్యో, బాబాయిగారికి దెబ్బ తగిలిందా?"

"ఆయనకేం, సోఫాలో గుర్రుపెడుతున్నారు. గోడ మీద ఫోటోలో ఆయనకి! పాతికేళ్ళు బస్సు కండక్టరుగా చేస్తే ఒక్కరితో మాట పడలేదు, ఇవాళ ముక్కులోంచి ఇనప్పుల్ల గిర్రున తిరుగుతూ వస్తోంది!"

వెళ్ళి చూస్తే మాట నిజమే. చెక్కకు అంటించిన పెద్ద ఫోటో. యూనిఫాంలో హుందాగా నవ్వుతున్న కండక్టరుగారి ఎడమ ముక్కుపుటంలో చక్కటి గుండ్రని రంధ్రం. రంధ్రం చూస్తే డాక్టరు చేతులు ఊరుకోవు. పరుగున ఇంటికెళ్ళి వైద్యం పెట్టె తెచ్చాడు. గోడకు అటూ ఇటూ, దాంతోపాటు ఫోటోకూ పంటికి వేసే సిమెంటు నింపి, నీలం దీపం పట్టి గట్టిపరిచి, నున్నగా రుద్దాడు. అలమరకు మిగతా స్క్రూలు పొట్టి ముల్లుతో, ఊపిరి బిగబట్టి, ఒక్కొక్కటే వేశాడు.

పిన్నిగారు కళ్ళజోడు సవరించుకుని చూసింది. సిమెంటు మెరుస్తోంది. "ముక్కుపుడక పెట్టినట్టుంది. ఇదివరకటికంటే కళగానే ఉన్నారు," అని, చెంప మీద వేలు పెట్టి చూపిస్తూ, "నాక్కూడా కింద దవడ పన్ను ఒకటి కదులుతోంది బాబూ," అంది.

ఆదివారం మధ్యాహ్నం రావలసిన మామగారు పొద్దున తొమ్మిదికే దిగాడు. తలకూ చెంపలకూ మఫ్లరు చుట్టుకుని, కళ్ళు మాత్రం బయటపెట్టి ఉన్నాడు. కూతురు సంచీ అందుకుంటూ, "బాగున్నావా నాన్నా? ప్రయాణం ఎలా జరిగింది?" అంటే "ఊఁ" అన్నాడు. అల్లుడు టీ ఇస్తే వద్దని చెయ్యూపాడు. సరాసరి అలమర ముందుకెళ్ళి నిలబడి, ఒక కన్ను మూశాడు.

"ఊఁ."

ఆ ఊకారం విని అల్లుడు గబుక్కున సందుకు అడ్డంగా నిలబడ్డాడు. ఆయనకు తెలిసిపోయింది!

"అది... గొడుగుల కోసం వదిలిన చోటు మావయ్యగారూ."

"ఊఁ?"

"గొడుగుల కోసం కాదులెండి. కొలత పది తగ్గింది. ఇద్దరం తీసేశాం."

మామగారు చెంప మీద చెయ్యి పెట్టుకున్నాడు. ఇంత ఘోరం వింటే ఎవరైనా అలాగే పెట్టుకుంటారని అల్లుడు అనుకున్నాడు.

"ఊఁహూఁ..."

"గోడ సంగతి కూడా చెప్పేస్తాను. డ్రిల్లు పక్కింట్లోకి వెళ్ళింది. కండక్టరుగారి ముక్కులోంచి."

మామగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అయ్యో, మీరు బాధపడకండి! పంటి సిమెంటుతో పూడ్చేశాను. అమ్మాయిని మాత్రం బాగానే చూసుకుంటున్నానండీ, కావాలంటే అడగండి!"

మామగారు ఒక్క అడుగు వెనక్కి వేసి, సంచీ కోసం చెయ్యి చాచాడు. కూతురు సంచీ ఇవ్వకుండా తండ్రి మొహంలోకి తేరిపార చూసి, ఒక్క ఉదుటున మఫ్లరు లాగేసింది. కుడి చెంప గుమ్మడికాయలా వాచి ఉంది.

"నాన్నా! ఎన్నాళ్ళనించి ఇది?"

మామగారు నాలుగు వేళ్ళు చూపించాడు.

"నాలుగు రోజులా! ఇంట్లో పళ్ళ డాక్టరుని పెట్టుకుని?"

అప్పుడు మామగారు నోరు సందు చేసుకుని, మాట మాటకూ మూలుగుతూ నిజం చెప్పాడు. ఉలి దిగినా, వేలి మీద సుత్తి పడినా ఆయన అబ్బా అని ఎరగడు. కానీ పంటి దగ్గరికి మిషను వస్తుందంటే చిన్నప్పటి నుంచీ ప్రాణం పోతుంది. ధైర్యం చాలకపోతే అల్లుడి కంట పడకూడదనే మఫ్లరు. అయినా నొప్పి భరించలేక, ధైర్యం చేసి చూపించుకుందామనే పెందలాడే బయల్దేరాడు.

"మరి చూపించుకోవచ్చుగా! సంచీ ఎందుకు తీస్తున్నావు?"

"చూపించుకుందామనే అనుకున్నానే తల్లీ... ఇంతలో ఈయన ఇదంతా చెప్పాడు. గోడకి చిల్లు పెట్టబోయి పక్కింట్లో తేలిన మనిషి... నా పన్ను తవ్వితే ఎక్కడ తేలతాడో!"

అంత తీర్పు విన్నాక కూడా డాక్టరు నొచ్చుకోలేదు. వాపు చూడగానే అతనిలో వడ్రంగి ఎటు పోయాడో పోయాడు. "మావయ్యగారూ, ఇవాళ చూడకపోతే రేపు కన్ను దాకా పాకుతుంది. లేవండి," అన్నాడు. గొంతు నెమ్మదిగానే ఉంది గానీ, కాదనడానికి సందివ్వలేదు. మామగారు రెండు షరతుల మీద లేచాడు. క్లినిక్‌లో టేపు కనపడకూడదు. అమ్మాయి బయటే ఉండాలి, లోపలికి ఏ లెక్కా చెప్పకూడదు.

వీధి చివర అతని క్లినిక్ ఆదివారం మూసి ఉంటుంది. తాళం తీసి, దీపాలు వేసి, కుర్చీ వాల్చాడు. టీచరు బయట బెంచీ మీద గోళ్ళు కొరుక్కుంటూ కూర్చుంది. లోపలి నుంచి, "కొంచెం ఓర్చుకోండి, అయిపోయింది," అని వినపడింది. చెక్కతో అన్నప్పుడల్లా ఆమె నవ్వేది. ఇప్పుడు నవ్వు రాలేదు. ఆ గొంతు అంత మెత్తగా ఉంటుందని మూడు నెలల్లో మొదటిసారి సరిగ్గా విన్నట్టనిపించి, మొగుడి మీద కొత్తగా ప్రేమ పుట్టింది.

ముప్పావుగంటకు మామగారు బయటికొచ్చాడు. మూతి సగం మొద్దుబారి ఉంది. ముందు వాపు వెనక ఉన్న చీము తీసి, తర్వాత పుచ్చు తవ్వి పూడ్చాడట. మిషను ఎప్పుడు పెట్టాడో, ఎప్పుడు తీశాడో తెలియలేదని సైగలతో చెప్పాడు. ఇంటికొచ్చి నాలుగు గంటలు కుర్చీలో కూర్చుని, నోట్లో నాలుక తిప్పుతూ దేన్నో వెతుకుతున్నాడు. భార్యాభర్తలు ఎదురుగా కూర్చుని ఆయన్నే చూస్తున్నారు.

మూడింటికి మత్తు పూర్తిగా దిగింది. మామగారు గొంతు సవరించుకున్నాడు.

"ఇందాకటి నుంచి వెతుకుతున్నాను అల్లుడుగారూ. అతుకు ఎక్కడుందో నాలుకకి దొరకట్లేదు. నలభై ఏళ్ళలో ఇంత సాఫీ అతుకు నేను వెయ్యలేదు. బాగుంది. చాలా బాగుంది!"

అల్లుడి కళ్ళు చెమ్మగిల్లాయి. మూడు నెలల ముల్లు ఒక్కసారిగా దిగిపోయింది. టీచరు చెంగున లేచి ఇద్దరికీ టీ పెట్టడానికి వెళ్ళింది.

ఆమె తిరిగి వచ్చేసరికి మామగారు కుర్చీ లాక్కుని అలమర ఎదురుగా వేసుకున్నాడు. ఒక కన్ను మూశాడు. అడుగు అర దగ్గర మొదలుపెట్టాడు: చెక్క ఎదురు నారకు కోశారనీ, జిగురు ఎక్కువైందనీ, మేకు తల వంకర తిరిగిందనీ, మూల మట్టం మూలకే తెలియనట్టుందనీ. అల్లుడు చేతులు కట్టుకుని వింటూ నిలబడ్డాడు. దీపాలు పెట్టే వేళకు మామగారు రెండో అర దాకా వచ్చాడు.

అంతసేపు అంత గట్టిగా మాట్లాడినా ఆ పన్ను ఆయన్ని ఒక్కసారి కూడా ఇబ్బంది పెట్టలేదు. డాక్టరుగారి పనితనం అలాంటిది.