కాకి వాలితే వాన

మీకేంటండీ, మధ్యాహ్నం భోంచేసి హాయిగా నడుం వాలుస్తారు. వేసవి వచ్చిందంటే నాకా యోగం లేదు. మా ఆవిడ సుభద్రమ్మ మాగాయ పెడుతుంది. ముక్కలు డాబా మీద ఎండబెడుతుంది. వాటికి కాపలా నేను.

పెళ్ళయిన ఏడు నుంచీ ఇదే ఉద్యోగం. ఓ చేతిలో గొడుగు, ఓ చేతిలో కర్ర. కాకి వస్తే తోలాలి, మబ్బు వస్తే ముక్కలు ఎత్తాలి. బ్యాంకువాళ్ళు నన్ను రిటైర్ చేశారు గానీ, ఈవిడ మాత్రం చెయ్యలేదు.

పోనీ ఆ మాగాయ మా ఇంటికొక్కదానికేనా? మా అక్కయ్యలకీ, ఆవిడ చెల్లెళ్ళకీ జాడీలు వెళ్ళాలి. ఓ ఏడు నేను కాస్త కునుకు తీస్తే ముక్కల మీద నాలుగు చినుకులు పడ్డాయి. జాడీలన్నీ బూజు పట్టాయి. ఇప్పటికీ పాలకొల్లులో పెళ్ళికి వెళ్తే, "ముక్కలు తడిపిన మాధవరాజుగారు మీరేనాండీ?" అని అడుగుతారు. ఇంకోసారి తడిస్తే నేను ఇంట్లో ఉండక్కర్లేదని ఆవిడ అప్పుడే తేల్చి చెప్పేసింది.

అందుకని రెండువేల ఆరులో ఓ ఉపాయం పన్నాను. భీమవరంలో మా పల్లంరాజు బావకి ఎలక్ట్రానిక్స్ కొట్టుంది. ఏది కొన్నా "వారంటీ ఉంది బావా" అంటాడు, ఏది పాడైనా "వారంటీలో ఇది రాదు బావా" అంటాడు. అందరూ అతన్ని వారంటీ రాజుగారనే పిలుస్తారు. అతని దగ్గరికి ఇంట్లో పెట్టుకునే వాతావరణం మెషీన్ వచ్చింది. డాబా మీద ఓ ఇనప గొట్టం. దానికి గాలికి తిరిగే కప్పులు, వాన కొలిచే గరాటు, ఎండా తేమా చూసే తెల్ల పెట్టె. కింద హాల్లో అంకెలు చూపించే డబ్బా. పైన చినుకు పడగానే కింద డబ్బా కీచుమంటుంది. కాకులకి పాత దోమతెర కప్పేస్తే, ఇంక నేను ఫ్యాను కింద పడుకోవచ్చు!

"ఎందుకండీ ఇది?" అంది సుభద్రమ్మ.

"మన రొయ్యల చెరువు కోసం. రొయ్యలకి వాతావరణం చాలా ముఖ్యం."

"మన రొయ్యలు డాబా మీదెప్పుడు పెరిగాయండీ?"

నేను వినిపించుకోలేదు. ముక్కలింకా ఉప్పులో ఊరుతుండగానే ఓ సాయంత్రం జల్లు పడింది. డబ్బా ఠంచనుగా మోగింది. నేను మీసం మీద చెయ్యేశాను. ఆవిడ డబ్బా ముందు నిలబడి దాన్నే చూసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ముక్కలు డాబా ఎక్కిన రోజు, నాకలా కన్ను మూతపడిందో లేదో డబ్బా కీచుమంది. లుంగీ ఎగ్గట్టి మెట్లన్నీ ఎక్కితే పైన మాడు పగిలే ఎండ! గొట్టం మీద కాకి కూర్చుని ఊగుతోంది.

వారంటీకి ఫోన్ చేశాను. "గరాటులో చిన్న ఉయ్యాల గిన్నె ఉంటుంది బావా. వాననీళ్ళు నిండితే అది ఒరుగుతుంది, ఒరిగితే వాన లెక్క. గొట్టం కదిలినా ఒరుగుతుంది మరి" అన్నాడు.

"అంటే కాకి వాలినా వానేనా?"

"కాకి వారంటీలో రాదు బావా."

గొట్టాన్ని పిట్టగోడకి తీగతో బిగించి దిగాను. కాసేపటికి తేమ తొంభై తొమ్మిది అంది డబ్బా. మళ్ళీ ఎక్కాను. తెల్ల పెట్టె మీద తడి బొంత ఆరేసి ఉంది.

"సుభద్రా! అది సెన్సారు!"

"నాకు కర్రలా కనిపించిందండీ. ఎండలో ఊరికే నిలబడింది కదాని..."

"నేనూ నిలబడ్డాను కదా, నా మీదా ఆరేస్తావా?"

"మీరు ఒక చోట నిలబడితే కదండీ!"

ఆ తర్వాత ఎండ యాభై రెండంది. పెట్టె గోడవేడి పీలుస్తోందట, తీగ విప్పి గొట్టాన్ని పక్కకి జరిపాను. గాలి సున్నా అంది. కప్పులు బిగుసుకున్నాయని మా తాతగారి పద్ధతిలో ఆముదం పోశాను. దుమ్మంతా అంటుకుని పూర్తిగా ఆగిపోయాయి. గరాటులో చీమలు కాపురం పెట్టాయి. పళ్ళు తోముకునే బ్రష్షుతో గరాటు తోమాను. దాన్ని తోమాక నేను తోముకోలేను కదా, వేపపుల్లకి దిగాను. కాపలా రోజుల్లో కూర్చునైనా ఉండేవాణ్ణండీ. ఇప్పుడు రోజంతా మెట్లే. మోకాళ్ళు నావి కావు.

ఆఖరికి విసుగెత్తిపోయింది. ఓ మధ్యాహ్నం గరాటుకి ప్లాస్టిక్ కవరు కట్టి, "ఇప్పుడు మోగు చూస్తాను" అని దిగి, మంచం ఎక్కాను. ఆ నిద్ర ఎంత బావుందని!

లేచేసరికి ఉరుములు. బయట కుండపోత. పడుతూ లేస్తూ డాబా ఎక్కాను. చాపల్లేవు, ముక్కల్లేవు, చిరిగిన దోమతెర ఒక్కటే పిట్టగోడకి వేలాడుతోంది. కొట్టుకుపోయాయి! నీళ్ళుపోయే గొట్టంలో మోచేతిదాకా చెయ్యి పెట్టి దేవాను. ఎండుటాకులు తప్ప ఏమీ చిక్కలేదు. నా సంసారం ఆ గొట్టంలోంచే పోయిందనిపించి నిజంగానే ఏడుపొచ్చింది.

తడిసి ముద్దయి కిందికొస్తే వెనక గదిలో ఫ్యాను కింద, చాపల మీద ముక్కలన్నీ పొడిపొడిగా ఉన్నాయి. పక్కనే ముక్కాలిపీట మీద నా డబ్బా. ఆవిడ ముక్కలు తిరగేస్తోంది.

"నీకెలా తెలిసింది? అది మోగలేదు కదా!"

"మోగకుండా మీరు సంచి కట్టారు కదండీ. నేను చూడలేదనుకున్నారా? ఇదిగో, గాలి బరువు అంకె. మొన్న జల్లుకి ముందూ ఇలాగే దిగిపోయింది. ఇవాళ మీరు పడుకున్నప్పటినుంచీ దిగుతూనే ఉంది. ముక్కలెత్తేశాను."

"మరి అదెందుకు పాడవలేదు?"

"అది ఈ డబ్బాలోపలే ఉందటండీ, పల్లంరాజు అన్నయ్యగారు చెప్పారు. మీరు చెయ్యి పెట్టంది అదొక్కటే."

తువ్వాలు తెచ్చి నా చేతికిచ్చింది. "మంచి వస్తువే కొన్నారండి. ఇకమీదట డబ్బా నా దగ్గర ఉంటుంది. దోమతెర చిరిగింది కాబట్టి కాకుల సంగతి మీరు చూడండి."

మర్నాడు ఎండ కాసింది. నేను పైన. గొడుగు పట్టుకుని చెయ్యి నొప్పి పుడుతుందని పాపం ఆవిడే దాన్ని ఇనప గొట్టానికి కట్టిచ్చింది, గొట్టానికి ఆనించే కుర్చీ వేసింది. గరాటుకున్న కవరు కూడా విప్పేసింది. ఎంత ప్రేమో అనుకున్నానండీ. చల్లగా గాలి వేసింది. కాకులు కూడా లేవు. వెనక్కి వాలి, గొట్టానికి తల ఆనించాను.

కింద డబ్బా కీచుమంది. వెంటనే సుభద్రమ్మ గొంతు.

"ఏవండీ! పైన వాన పడుతోందంటోంది. పడుకున్నారా?"