శుక్రవారం చేపల ప్రాణగండం

“లోగన్, ఈ డర్బన్ మొత్తం మీద అసలైన అపరాధ పరిశోధక మెదళ్లు రెండే ఉన్నాయి. ఒకటి నాది. రెండోది ఇంకా పుట్టలేదు.”

సిడెన్‌హామ్‌లోని చెల్లెలి ఇంటి హాల్లో, కొన్నప్పటి ప్లాస్టిక్ తొడుగు ఇంకా తియ్యని సోఫా మీద కాలు మీద కాలేసుకుని కిష్టసామి ఈ ప్రకటన చేశాడు. చచ్చిన ఏంజెల్ చేపను గరిటెలో పట్టుకుని ఎదురుగా నిలబడ్డ లోగన్ బుద్ధిగా తలూపాడు. భార్య అన్నగారితో వాదిస్తే ఆ పూట కూరలో ఉప్పు ఉండదని అతనికి అనుభవం మీద తెలుసు.

కిష్టసామి మొబేనిలో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర కూలీల సంచులు తనిఖీ చేసి రిటైరయ్యాడు. అన్నేళ్ల ఉద్యోగంలో ఆయన పట్టుకున్నది ఒకే ఒక్క దొంగను. ఆ దొంగ కొత్తగా వచ్చిన మేనేజరని తరువాత తెలిసింది. పైగా అవి దక్షిణాఫ్రికాలో తెల్లవాళ్ల పాలన పోయి, అందరికీ ఓటు కొత్తగా వచ్చిన రోజులు. రేడియో పెడితే చాలు, నిజాల విచారణే. పాత నేరం ఒప్పుకుని నిజమంతా చెప్పినవాడికి క్షమాభిక్ష. దేశమంతటా ఇన్ని నిజాలు బయటపడుతుంటే తన చేతికి ఒక్కటీ తగల్లేదని ఆయనకు ఒకటే బెంగ.

ఒక మాట ముందే చెప్పాలి. వీళ్లంతా మాట్లాడుకునేది ఇంగ్లీషే. తాతల కాలంలో చెరుకు తోటలకు ఓడెక్కి వచ్చిన తెలుగు ఈ తరం దాకా వచ్చేసరికి అన్నం, నీళ్లు, దండం, ఓ పది తిట్లుగా మిగిలింది. వాళ్ల మాటలు మన సౌకర్యం కోసం తెలుగులో వినిపిస్తున్నాను. లోగన్ తల్లి, అందరూ అవ్వ అని పిలిచే ముసలావిడ మాటలు మాత్రం ఆవిడవే.

“హతుడు ఒక్కడే కదా?” అన్నాడు కిష్టసామి.

“ఇవాళ ఒకటి చచ్చింది బావా. మిగతావి పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. వారం పొడుగునా బాగానే ఉంటాయి. శుక్రవారం రాత్రి భజన నుంచి మేం తిరిగొచ్చేసరికి ఇదీ వరస.”

“నా డబ్బా మీద మాత్రం ఎలాంటి అనుమానమూ పెట్టుకోకు.”

లోగన్‌కు ఉన్నదే ఆ అనుమానం. చేపల తొట్టి మీద మూతలా కూర్చునే ఆ లైటు డబ్బాను కిష్టసామి స్వహస్తాలతో చేశాడు. ప్లైవుడ్డు కోసి, లోపల తెల్ల రంగు కొట్టి, రెండు ట్యూబులైట్లూ వాటి చోకులూ బిగించాడు. గాలికి మాత్రం ఒక్క కన్నమైనా పెట్టలేదు. ఎందుకు పెట్టలేదంటే “కన్నం పెడితే వెలుతురు కారిపోతుంది” అన్నాడు. వెలుతురు కారలేదు గానీ లోపల ఆవిరి పట్టి, ప్లైవుడ్డు అప్పడంలా ఉబ్బింది. లోగన్ కాళ్లావేళ్లా పడితే, ఎక్కడో పారేసిన జిరాక్సు మిషన్‌లోంచి ఫ్యాను ఊడదీసుకొచ్చి డబ్బా నెత్తిన కన్నం కోసి బిగించాడు. ఆ ఫ్యాను తిరుగుతుంటే హాల్లోకి లారీ వచ్చినట్టుండేది. ఫ్యానుకూ లైట్లకూ కలిపి ఒకే స్విచ్చి పెట్టాడు. “జర్మన్ పద్ధతి” అని దానికి పేరు కూడా పెట్టాడు.

“మన శత్రువు డబ్బా కాదు, మనిషి,” అన్నాడు కిష్టసామి కళ్లు చికిలించి. “శుక్రవారం సాయంత్రం ఈ ఇంటికి ఎవరొస్తారు?”

“శశికాంత్ వస్తాడు. అమ్మతో కూర్చుంటాడు.”

“శశికాంత్‌ది ఏ ఊరు?”

“ఇండియాలో నర్సీపట్నమట.”

“చేపలది?”

“టౌన్లో షాపు.”

“చూశావా! రెండింటికీ ఎక్కడా సంబంధం లేదు. తెలివైన నేరస్తుడు సంబంధం ఎప్పుడూ మిగల్చడు!”

శశికాంత్ నిరుడు ఆంధ్రా నుంచి వచ్చి, మొబేనిలో ఇంజనీరుగా చేరి, వీళ్ల పెరట్లోని గదిలో అద్దెకుంటున్నాడు. చీమకు దారిచ్చి నడిచే రకం. వంటింట్లోంచి ఈ సంభాషణ వింటున్న లోగన్ భార్య కోగీ చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

“చేపలకు మందు పెట్టినవాడు రేపు అవ్వ టీలో పెట్టడని నమ్మకమేంటి? అన్నయ్య మాట నిజమైతే నెలాఖరుకు గది ఖాళీ చెయ్యమందాం.”

లోగన్‌కు తల్లి గుర్తొచ్చింది. అవ్వ ఇంగ్లీషు కూరగాయల బేరానికి సరిపోతుంది, ఇక్కడివాళ్ల జూలూ భాష బస్సులో దారి అడగడానికి సరిపోతుంది. మనసులో మాట చెప్పుకోవడానికి మాత్రం ఆవిడకు తెలుగు తప్ప లేదు. ఆ తెలుగు తెలిసిన అక్కలూ పక్కింటివాళ్లూ ఒకరి వెనక ఒకరు పోయారు. ఈ కుర్రాడొచ్చాకే ఆవిడ మళ్లీ తల దువ్వుకుని, శుక్రవారాలు గారెలు వండి, గుమ్మం వైపు చూడటం మొదలుపెట్టింది. ఇప్పుడతన్ని పంపించేస్తే ఆవిడ ఇంక ఎవరితో మాట్లాడుతుంది?

“ఒక్క వారం ఆగండి,” అన్నాడు లోగన్.

“ఆగుదాం,” అన్నాడు కిష్టసామి ఉదారంగా. “వచ్చే శుక్రవారం మాటు వేద్దాం. ఎర కొత్తగా అక్కర్లేదు, తొట్టిలో ఈదుతూనే ఉంది.”

శుక్రవారం కోగీ ఒక్కతే భజనకు వెళ్లింది. ఆమెతో పాటు బయల్దేరినట్టు నటించిన ఇద్దరూ వంటింటి గుమ్మంలోంచి తిరిగొచ్చి, సోఫా వెనక నక్కారు. కిష్టసామి నల్ల కోటు, నల్ల టోపీ, నల్ల కళ్లద్దాలు పెట్టుకొచ్చాడు. డర్బన్‌లో ఫిబ్రవరి నడి వేసవి, ఆ ఉక్కకు కోటులోంచి చెమట కాలవ కట్టింది. నల్లద్దాల వల్ల ఏమీ కనబడక, మొదటే లోగన్ చేతిని తొక్కాడు.

అవ్వ దేవుడి దీపం పెట్టి వచ్చి కుర్చీలో కూర్చుంది. శశికాంత్ వచ్చాడు. తొట్టి మీద ఫ్యాను లారీలా రొద పెడుతోంది. కాసేపటికి కుర్చీ జరిగిన చప్పుడు. ఆ వెంటనే ఫ్యాను గొంతు మూగబోయింది.

“విన్నావా!” కిష్టసామి లోగన్ చెవిలో బుసకొట్టాడు. “మొదటి దెబ్బ ఫ్యాను మీద! మృత్యువు నిశ్శబ్దంగా వస్తుంది!”

లోగన్ వినడం లేదు. అతను తల్లి మాటలు వింటున్నాడు. అవ్వ ఏదో కథ చెబుతోంది. గొంతు మార్చి ఎవరినో వెక్కిరించింది, మధ్యలో పాట అందుకుంది, పగలబడి నవ్వింది. తన తల్లి ఇంత మాట్లాడుతుందని అతనికి తెలియనే తెలియదు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా లోగన్‌కు ఏడుపొచ్చినంత పనైంది.

అలా గంట దాటాక, “ఇదే అదను!” అని కిష్టసామి లేచాడు. లేవబోయాడు అనడం న్యాయం. సోఫా ప్లాస్టిక్ తొడుగు చెమట పట్టిన కోటుకు అతుక్కుని, ఆయనతో పాటు చర్రున లేచింది. కాలికి చుట్టుకుంది. “ఎవరూ కదలొద్దు!” అంటూ అపరాధ పరిశోధకుడు గదికి అడ్డంగా దొర్లుకుంటూ వెళ్లి తొట్టి స్టాండుకు గుద్దుకున్నాడు. నిలదొక్కుకోవడానికి చేతికందిన గుడ్డ పట్టుకున్నాడు. ఆ గుడ్డ డబ్బా మీంచి జారి ఆయన నెత్తిన పడింది. మరుక్షణం ఫ్యాను గుర్రుమని అందుకుంది.

లోగన్ పరుగెత్తుకొచ్చి తొట్టిని పట్టుకోబోయి డబ్బా మీద చెయ్యి వేశాడు. చురుక్కుమంది. డబ్బా పెనంలా కాలుతోంది. మూత ఎత్తితే వేడి ఆవిరి మొహాన కొట్టింది. కింద చేపలు నోళ్లు తెరుచుకుని పైకి తేలుతున్నాయి.

నెత్తిన పడ్డ గుడ్డ అవ్వ శాలువా. నాలుగు మడతలు పెట్టి ఎవరో ఫ్యాను మీద కప్పారు.

“హత్యాయుధం దొరికింది!” కిష్టసామి శాలువాలోంచి తల బయటపెట్టాడు. “శశికాంత్! నిజమంతా చెప్పు, క్షమాభిక్ష ఉంది!”

శశికాంత్ బిక్కచచ్చిపోయి నిలబడ్డాడు. అవ్వ మాత్రం కుర్చీలోంచి లేచింది.

“ఒరే కిష్టిగా! ఏట్రా ఈ దొల్లడం? అచ్చం గాడిదలాగున్నావు! శాలువా కప్పింది నేను, ఈ బాబు ఎల్లేటప్పుడు తీసేదీ నేనే. ఆ ముదనష్టపు ఫేను రొదలో ఈ బాబు మాట ఒక్కటీ ఇనబడదు. సిచ్చి ఆపుదునా, దీపం కూడా ఆరిపోద్ది. సుక్కురోరం సందేళ ఎవులైనా ఎలుగు ఆర్పుతారేటి? లచ్చిందేవి గుమ్మంలోకొచ్చే ఏళ!”

కిష్టసామికి ఇందులో అర్థమైంది గాడిద ఒక్కటే. “సాక్షి వాంగ్మూలం ఇస్తోంది! ఏమంటోంది?” అని అటూ ఇటూ చూశాడు. ఆ గదిలో అవ్వ మాట విప్పి చెప్పగలిగినవాడు ముద్దాయి ఒక్కడే. చేసేది లేక ముద్దాయినే దుబాసీగా నియమించాల్సి వచ్చింది.

“చప్పుడుకు నా మాట వినబడక అవ్వే శాలువా కప్పారట అంకుల్. స్విచ్చి ఆపితే లైటు కూడా పోతుందట. శుక్రవారం దీపాల వేళ వెలుగు ఆర్పకూడదు కదా. శాలువా వేడి చేస్తుందని ఆవిడకు తెలీదు.”

“తెలియక చేసింది గనక క్షమించామని చెప్పు.”

“ఈడెవుడురా నన్ను క్షమించడానికి? ఒకే సిచ్చి పెట్టిన తలమాసిన ఎదవెవుడో ముందు ఆణ్ణి నిలబెట్టమను!”

శశికాంత్ ఒక్క క్షణం ఆలోచించాడు. “డబ్బా చేసినవారిని ప్రత్యేకంగా తలుచుకుంటున్నారు అంకుల్.”

కిష్టసామి కోటు సర్దుకుని వినయంగా తలవంచాడు.

లోగన్‌కు మాత్రం నవ్వు రాలేదు. “చప్పుడుగా ఉందని నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదా అని అడుగు,” అన్నాడు.

అవ్వ కొడుకు వైపు చూసింది. గొంతులో కోపం పోయింది.

“సెప్పినాను. ఆ ఫేను పెట్టిన నాడే సెప్పినాను, మర్నాడూ సెప్పినాను. ‘ఎస్ మా, ఎస్ మా’ అని తలకాయ ఊపి ఎల్లిపోనాడు. ఆడికి అర్దం కాలేదని నాకు తెలుసు బాబూ. మరేటి సేస్తాను, శాలువా కప్పినాను.”

ఈసారి శశికాంత్ మాట మార్చలేదు. ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆ ‘ఎస్ మా’ దగ్గరే లోగన్‌కు అంతా తెలిసిపోయింది. తలుపు మీద చెయ్యి వేసి, పనికి ఆలస్యమైందని వాచీ చూసుకుంటూ, తనెన్నిసార్లు ఆ మాట అన్నాడో తలచుకుని సిగ్గుతో చితికిపోయాడు.

మర్నాడు పొద్దున్నే లోగన్ ఫ్యాను పీకేశాడు. చోకులు డబ్బాలోంచి తీసి బయట బిగించాడు. వెనక పలకకూ పక్కలకూ రంపంతో పొడుగాటి సందులు కోశాడు. ఇప్పుడు వేడి దానంతటదే పైకి పోతోంది, చప్పుడన్నదే లేదు. కిష్టసామి కుర్చీ వేయించుకుని పర్యవేక్షించాడు.

“కేసు ముగిసింది,” అన్నాడు చెల్లెలితో. “మొదటి నుంచీ నా అనుమానం ఆ ఫ్యాను మీదే.”

“ఆ ఫ్యాను తెచ్చి పెట్టిందెవరన్నయ్యా?”

“అది వేరే కేసు.”

తరువాతి శుక్రవారం లోగన్ భజనకు వెళ్లలేదు. చేపలు తమ మానాన తాము తిరుగుతున్నాయి. అవ్వా శశికాంత్ కూర్చున్న చోటికి అతనూ ఒక కుర్చీ లాక్కున్నాడు. అవ్వ విడ్డూరంగా చూసి, ఏదో అంది. ఏళ్ల తరబడి అలవాటైన జవాబు లోగన్ నాలిక చివరి దాకా వచ్చింది. దాన్ని మింగేసి, శశికాంత్ దగ్గర వారమంతా వల్లించిన మాటలు కూడగట్టుకున్నాడు.

“అమ్మా, నాకు అర్తం కాలా. మల్లీ సెప్పు.”

అవ్వ అతని ఉచ్చారణను తిట్టింది. తరువాత కుర్చీ దగ్గరికి జరుపుకుని, మాట మాట విడదీసి, నెమ్మదిగా మళ్లీ చెప్పింది.