మూడు పట్టణాలు, ఒక మోరి

మనిషి ఎక్కడ పుట్టాలన్నది వాడి చేతుల్లో లేదు. ఎక్కడ పోవాలన్నదీ లేదు. ఈ రెంటికీ నడుమ వాడు సుఖంగా ఉన్నాడా లేదా అన్నది కూడా వాడి చేతుల్లో ఉండరాదని, అది తేల్చే అధికారం పట్టణ నివాస సౌఖ్య మండలికే చెందుతుందని ఈ మధ్య ఒక ఉత్తర్వు వెలువడింది. (ఉత్తర్వు పదకొండు పేజీలు. సుఖం అంటే ఏమిటో ఆరో పేజీలో వివరించారు. ఆరో పేజీ జిరాక్సులో రాలేదు.)

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి: ఈ మూడింట్లో కాపురానికి ఏది మేలో తేల్చాలన్నది మండలి సంకల్పం. నిజానికి ఇది కొత్త ప్రశ్న కాదు. ఒక్క జిల్లాగా ఉన్న రోజుల్లో ఎవరికీ తోచలేదు గానీ, ఎవరి జిల్లా వాళ్లకు వచ్చాక పెళ్లి భోజనాల్లో రెండో బంతి లేచేదాకా ఇదే వాదన. పొద్దున రైలెక్కితే టిఫిను వేళకు హైదరాబాదులో ఉంటామని జనగామ వాళ్లంటారు. మా దగ్గర అంతకంటే ఎక్కువ రైళ్లు ఆగుతాయని మానుకోట వాళ్లంటారు (మహబూబాబాదును అక్కడివాళ్లు పిలుచుకునే పేరు అది). మాకసలు ఎక్కడికీ పోవలసిన అవసరమే లేదని, రైలు లేని భూపాలపల్లి వాళ్లంటారు. ఊరు ఎంత మంచిదో చెప్పమంటే అందులోంచి ఎంత తొందరగా బయటపడొచ్చో చెబుతున్నామని మొదటి రెండు ఊళ్లవాళ్లూ గమనించినట్టు లేదు.

ఈ వాదనలతో జనగామలో బ్లౌజులు కుట్టే సంధ్యకు పని లేదు. ఆమెకు కావలసింది ఒక బండ. పొడుగు మూడడుగులు, వెడల్పు రెండడుగులు ఉంటే చాలు.

సంధ్య ఇంటికీ గల్లీకీ మధ్య ఒక మురుగు మోరి పారుతుంది. మోరి మీద ఒకప్పుడు బండ ఉండేది. ఐదు నెలల కింద మండలి మనుషులు మోరి శుభ్రం చేయడానికి వచ్చి, గడ్డపారతో బండ లేపి, రెండు ముక్కలు చేసి, ఆ ముక్కల్ని కూడా బురదతో పాటు బండిలో వేసుకుని వెళ్లిపోయారు. ఆ రోజు శుభ్రత రికార్డులో ఆ గల్లీ నుంచి చెత్త ఎక్కువగా వెళ్లినందుకు మెచ్చుకోలు కూడా నమోదైంది. అప్పటినుంచి సంధ్య కుచ్చిళ్లు ఎత్తిపట్టి మోరి దూకుతోంది. కుట్టించుకునే ఆడవాళ్లు గల్లీలో నిలబడి గుడ్డ విసిరి, కొలతలు కేక వేసి పోతున్నారు. ఎవరి నడుం ఎంతో ఇప్పుడు గల్లీ మొత్తానికి తెలుసు.

ఇంట్లో దూకలేనిది ఆమె అత్త కొమురవ్వ ఒక్కతే. డెబ్బై దాటిన మనిషి. సాయంత్రం నాలుగు కొట్టగానే గల్లీ దాటి ఎదురింటి చోటీ బీ అరుగు మీద కూర్చుని గవ్వలతో పచ్చీసు ఆడటం ఆమెకు ముప్పై ఏళ్ల అలవాటు. బండ పోయిన కొత్తలో కొడుకు, సంధ్య భర్త విజయ్ ఒక చెక్క వేశాడు. చెక్క ఊగింది, కొమురవ్వ పడింది, మోకాలు వాచింది, ఇక చెక్క పేరెత్తనివ్వలేదు. విజయ్ లారీ డ్రైవరు, పది రోజులకోసారి ఇంటికొస్తాడు. వచ్చినప్పుడు ఎత్తుకుని దాటిస్తానన్నాడు. దానికి ఆమె ఒకటే మాట అంది.

"నన్ను ఎత్తుకపోవుడు ఒక్కసారే ఉంటది బిడ్డా. గది ఇప్పుడే వద్దు."

చోటీ బీ కూడా మోరి దాటే వయసులో లేదు. అందుకని ఆట ఇలా సాగుతోంది. కొమురవ్వ తన గడప మీద, చోటీ బీ తన అరుగు మీద. ఇద్దరి గవ్వలూ చోటీ బీయే వేసి, ఎంత పడిందో కేక వేసి చెబుతుంది. ఐదు నెలల్లో కొమురవ్వకు మూడుకు మించి పడలేదు. ఆమెకు అనుమానం ఉంది గానీ, అంత దూరం నుంచి గవ్వలు కనబడవు. నాలుగు కాగానే తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని గడప దాకా వచ్చి ఆగిపోయే అత్తను చూస్తే కుట్టు మిషను మీద సంధ్య కాలు ఆగిపోయేది. ఆ బండ వేయించకపోతే తాను కోడలే కాదనుకుంది.

ఆమె చేయని ప్రయత్నం లేదు. మండలి యాప్‌లో ఫిర్యాదు పెడితే తొమ్మిదో రోజున 'పరిష్కరించబడింది' అని వచ్చింది, ఫొటోతో సహా. ఫొటోలో బండ చక్కగా ఉంది. పక్కన తులసికోట కూడా ఉంది. అయితే అది వాళ్ల గల్లీ కాదు, బహుశా జనగామ కూడా కాదు. నాకు తృప్తి లేదని ఆమె రాస్తే, మీ అసంతృప్తి విజయవంతంగా స్వీకరించబడిందని, స్వీకరించిన తీరుకు ఎన్ని చుక్కలు ఇస్తారని యాప్ అడిగింది. పోనీ సొంతంగా బండ వేసుకుందామంటే, పక్క గల్లీలో అలా వేసుకున్న కాటమయ్యకు నోటీసు వచ్చింది. మండలి మోరి మీద పౌరుడి బండ ఆక్రమణ కిందికి వస్తుందట. (నోటీసు ఇవ్వడానికి వచ్చిన ఉద్యోగి ఆ బండ మీది నుంచే లోపలికి వెళ్లాడు, ఆ బండ మీది నుంచే బయటికి వచ్చాడు.)

ఆ వార్డుకు మండలి తరఫున సౌఖ్య సమన్వయకర్త రామ్మోహన్. చెడ్డవాడు కాదు. సంధ్య చెప్పిందంతా తల ఊపుతూ వినేవాడు, కొమురవ్వ మోకాలు గురించి ఆమె అడగకముందే అడిగేవాడు. అయితే అతని ఫారంలో 'ఇంటి ముందు బండ ఉన్నదా?' అన్న ప్రశ్నకు 'ఉన్నది' అన్న గడి ఒక్కటే ఉండేది. 'లేదు' అన్న గడి వల్ల పనులు ఆలస్యమవుతున్నాయని దాన్ని కిందటేడే తీసేశారు.

ఇటువంటి సమయంలో మూడు పట్టణాల పోలిక మొదలైంది. అందులో ఏడో నిబంధన మండలి మేధస్సుకు పరాకాష్ఠ. ఏ ఊరికైనా ఆ ఊరివాళ్లు మార్కులు వేయరాదు. ఎందుకంటే సొంత ఊరి గురించి వాళ్లకు అవసరానికి మించి తెలిసి ఉంటుంది. కనుక జనగామ వాళ్లు మానుకోటకు, మానుకోట వాళ్లు భూపాలపల్లికి, భూపాలపల్లి వాళ్లు జనగామకు పోవాలి. ఒక మామూలు ఇంట్లో మూడు రోజులుండాలి. వెళ్లేటప్పుడు మార్కులు వేయాలి. వీళ్లకు 'పరిశీలక చుట్టం' అని హోదా, మెడలో పసుపు పచ్చ బిళ్ల. చుట్టానికి ఏ అసౌకర్యం కలిగినా రెండు గంటల్లో తీర్చకపోతే సంబంధిత సమన్వయకర్తను బదిలీ చేస్తారు. (ఎక్కడికన్నది రాయలేదు గానీ, మిగతా రెండు ఊళ్లలో ఒకదానికి అని అందరికీ అర్థమైంది.)

చీటీలు వేస్తే సంధ్య పేరు వచ్చింది. అత్తకు మూడు రోజుల వంట చోటీ బీ ఇంటివాళ్లకు ఒప్పగించి ఆమె మానుకోట రైలెక్కింది.

అక్కడ ఆమెకు విడిది సోమ్లీ ఇల్లు. మిర్చి యార్డులో తొడిమలు తీసే మనిషి. సంధ్య చేతులు కడుక్కుందామని నల్లా తిప్పితే గాలి వచ్చింది. నీళ్లు రావా అని మాటవరసకు అడిగింది, అంతే. నలభై నిమిషాల్లో నల్లాలోంచి నీళ్లు దూకాయి. సోమ్లీ బిందె పట్టడం మరిచి చూస్తూ నిలబడిపోయింది. ఆ నీళ్ల కోసం ఆమె ఏడాదిగా అర్జీలు పెడుతోందట.

సంగతి గల్లీకి తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. సాయంత్రానికి ఆడవాళ్లు వరుసలో వచ్చి తమ కష్టాలు సంధ్య చెవిలో చెప్పి పోయారు, సంధ్య వాటిని తన కష్టాలుగా సమన్వయకర్తకు చెప్పింది. స్తంభం మీద లైటు వెలగకపోతే తనకు గుండెదడ అంది. లైటు వెలిగింది. మూల మీది గుంత చూస్తే కళ్లు తిరుగుతాయంది. గుంత పూడింది. చెత్త బండి పొద్దున్నే రాకపోతే ఆకలి పుట్టదంది. మూడు రోజుల్లో ఆ గల్లీకి ఉన్న రోగాలన్నీ సంధ్యకు వచ్చి నయమయ్యాయి. పోయే రోజు సోమ్లీ చీర పెట్టి, చేయి వదలకుండా అంది.

"ఇంక రెండొద్దులు ఉండరాదక్కా. మా ఎనుక గల్లీ మిగిలిపోయింది."

తిరుగు రైల్లో సంధ్యకు నవ్వు ఆగలేదు. బండ కోసం ఐదు నెలలు అడగరాని మనిషి చేత అడిగించానని ఆమెకు అప్పటికి అర్థమైంది. ఆ అడగరాని మనిషి తానే.

మరుసటి వారం భూపాలపల్లి నుంచి చుట్టాలు దిగారు. సంధ్య రామ్మోహన్ వెంటపడి ఒక చుట్టాన్ని తన ఇంటికి రాయించుకుంది. వచ్చింది అమ్రీన్, బొగ్గుగని కార్మికుడి భార్య. క్వార్టర్లలో కాపురం, చురుకైన మనిషి. సంధ్య గల్లీలోనే ఎదురెళ్లి, చెవిలో రెండు ముక్కలు చెప్పింది. అమ్రీన్ మోరి దాకా వచ్చి, సంచి కింద పెట్టి, రామ్మోహన్ వైపు తిరిగింది.

"నేనెట్ల దాటాలె అన్నా?"

గంటన్నరలో బండ వచ్చింది. సంధ్య అడిగినదాని కంటే పెద్దది, అంచులకు సున్నం, రెండు పక్కలా పూలకుండీలు. పక్కనే ఒక బోర్డు: 'అతిథులకు మాత్రమే.' అమ్రీన్ దాటింది. వెనకే నాలుగు కొట్టింది. కొమురవ్వ తల దువ్వుకుని, మంచి చీరతో వచ్చి బండ మీద కాలు మోపబోయింది. రామ్మోహన్ రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"ఆగు జర అవ్వా. గిది చుట్టాలకు."

"మరి నేనెవల్ని?"

"నువ్వు నివాసివి అవ్వా."

జన్మలో తననెవరూ అంత మాట అనలేదన్నట్టు కొమురవ్వ అతని వైపు చూసింది. రామ్మోహన్ తల దించుకుని నిబంధన చదివి వినిపించాడు. చుట్టానికి కల్పించిన వసతిని నివాసి వాడితే ఊరి మార్కులన్నీ రద్దవుతాయి. చదివాక, ఎవరూ అడగకుండానే తన బాధ కూడా చెప్పుకున్నాడు. తన వార్డుకు నలభై మంది చుట్టాలు రావాలి, ముప్పై ఒక్కరే వచ్చారు. తొమ్మిది మంది తక్కువైతే తనను ఎక్కడికి పంపుతారో తలుచుకుంటేనే నిద్ర పట్టడం లేదు.

సంధ్య వేళ్ల మీద లెక్కేసింది.

"మా అత్తను భూపాలపల్లి మనిషిగ రాయన్నా. నీకు ఎనిమిది మందే తక్కువైతరు."

మా క్వార్టర్లోనే ఉంటదని రాసుకోండ్రి అని అమ్రీన్ వెంటనే సంతకం పెట్టింది. చిరునామా మార్పు పదకొండు నిమిషాల్లో అయిపోయింది. (రేషన్ కార్డులో సంధ్య పేరు ఎక్కించమని పెట్టిన అర్జీ మూడేళ్లుగా పరిశీలనలో ఉంది.) రామ్మోహన్ కొమురవ్వ మెడలో పసుపు పచ్చ బిళ్ల వేసి, నమస్కారం పెట్టి, జనగామకు స్వాగతం చెప్పాడు. జనగామలోనే పుట్టి, జనగామలోనే మనవల్ని ఎత్తుకున్న కొమురవ్వ, బండ మీద నాలుగు అడుగులు వేసి గల్లీలోకి వచ్చింది. సంధ్యకు కళ్లు చెమ్మగిల్లాయి. అడ్డంగా వచ్చిన ఆటో కూడా ఆగి దారి ఇచ్చింది.

"వచ్చినవా," అంది చోటీ బీ, పక్కకు జరిగి. "గవ్వలు పట్టు."

మొదటిసారి వేయగానే కొమురవ్వకు ఏకంగా పచ్చీసు, అంటే ఇరవై ఐదు, పడింది. ఆమెకు ఐదు నెలల మూళ్లూ గుర్తొచ్చాయి. గవ్వలు ఒక్కొక్కటే లెక్కపెట్టి చోటీ బీకి చూపించింది. ఆ మూడు రోజులూ అరుగు మీది నుంచి వినబడిన నవ్వులు, తిట్లు గల్లీలో అంతకు ముందెప్పుడూ లేవని అందరూ చెప్పుకున్నారు.

మూడో రోజు సాయంత్రం అమ్రీన్ వంద మార్కులు వేసి బస్సెక్కింది. ఆరు గంటలకు రామ్మోహన్ ఇద్దరు మనుషులతో, గడ్డపారతో వచ్చాడు. ఆ బండ కోసం మూడు వీధుల చుట్టాలు వరుసలో ఉన్నారని, తెల్లారేసరికి దాన్ని అవతలి గల్లీలో వేయకపోతే తన పని అయిపోతుందని చెప్పాడు. చుట్టంగా గడువు తీరింది గనక కొమురవ్వ రేపటినుంచి బండకు చుట్టం కాదట, కాగితం మీద చిరునామా మాత్రం ఇంకా భూపాలపల్లే. సంధ్య గడప మీది నుంచి అతన్ని బతిమాలింది, గట్టిగా అరిచింది కూడా. అతను నిజంగానే బాధపడ్డాడు, బాధపడుతూనే పూలకుండీలు పక్కకు జరిపించాడు.

"అవ్వా, బండ తియ్యకముందే లోపలికి పో," అన్నాడు అరుగు వైపు తిరిగి. "మళ్ల దాటలేవు."

కొమురవ్వ చేతిలో గవ్వలతో తన ఇంటి వైపు చూసింది. గడప, ఆ గడప మీద కోడలు, వెనకాల తన మంచం కనబడుతున్నాయి. మోరి వైపు చూసింది. తర్వాత చోటీ బీ వైపు చూసింది. చోటీ బీ కొంచెం జరిగి జాగా చేసింది.

"తీస్కపో బిడ్డా," అంది కొమురవ్వ. "నేను ఈ దిక్కే ఉంట."

ఆ రాత్రికి ఆమె మంచం మోరి మీదుగా చేతులు మారి చోటీ బీ వరండాలోకి చేరింది. ఇప్పుడు రోజుకు రెండు పూటలా సంధ్య అన్నం గిన్నె పట్టుకుని మోరి దూకుతుంది, ఎదుటి అరుగు మీది నుంచి అత్త జర పైలం బిడ్డా అని ప్రతిసారీ హెచ్చరిస్తుంది. ఇంట్లో మంచం ఉన్న చోట ఇంకేదీ పెట్టడానికి సంధ్యకు చేతులు రావడం లేదు.

కిందటి నెల మండలి తుది నివేదిక వెలువడింది. మూడు పట్టణాలూ వందకు వంద తెచ్చుకున్నందున మూడూ సమానంగా నివాసయోగ్యమని అందులో ప్రకటించారు. అయితే జనగామకు అర మార్కు అదనంగా ఇచ్చారు. భూపాలపల్లి నుంచి మూడు రోజుల కోసం వచ్చిన ఒక వృద్ధురాలు, ఇక్కడి వసతులు చూసి, తిరిగి తన ఇంటికి వెళ్లడానికి నిరాకరించినందుకు.