ఊరికొక్క మాస్కు

శిక్షణ ఇచ్చిన సార్లారా, పురుగుమందులమ్మే కంపెనీ దొరలారా! మా మిర్చి తోటల్లో కూలీల ఒంట్లోకి విషం ఎక్కించింది మీరే!

ఇంతవరకు రాసి పెన్ను కింద పెట్టాను. మీది తప్పా? ఊరికొక్క రక్షణ కిట్టు ఇచ్చారు. అంతకంటే గొప్ప పథకం ఈ బస్తర్‌లో ఉందా? ఇంటింటికీ మాస్కు పంచితే దానికి విలువేముంటుంది? ఒక్కటే అయితే ఎంత మర్యాద! కళ్ళద్దాలు, మాస్కు, గ్లౌజులు, రబ్బరు కోటు, మోకాళ్ళ దాకా బూట్లు. పెళ్ళికొడుక్కి కూడా ఇన్ని పెట్టరు!

తర్రెం అవతల మా ఊళ్ళో మందు వాడకం మీద శిక్షణ శిబిరం పెట్టినప్పుడు పట్టా కాగితం ఉన్నవాళ్ళనే పిలిచారు. న్యాయమే! మందు కలిపేవాళ్ళకు భూమి లేదు. భూమి లేనివాళ్ళకు ఊపిరితిత్తులు ఉంటాయని ఏ రికార్డులో రాసుంది? మొదటి వరుసలో మిర్చి తోట ఆసామి భూషణం గారు కూర్చున్నారు. ఆయన మందు కొట్టే పంపు భుజానికెత్తడం మానేసి ఇరవై ఏళ్ళయింది. సారు హిందీలో గంటసేపు చెప్పాడు. దాన్ని తెలుగులో చెప్పే పని నాది. సగం మరిచిపోయాను. మిగతా సగం నా ఉపన్యాసంలో కొట్టుకుపోయింది.

ఫొటోకి కిట్టు ఎవరు తొడుక్కోవాలి? కిట్ల కోసం బీజాపూర్‌లో ధర్నా చేసి గొంతు చించుకున్న నాయకుడు ఎవరు? నేనే! తొడుక్కున్నాను. అందినట్టు సంతకం కూడా నాదే కాబట్టి కిట్టు మా ఇంటికే వచ్చింది. గీదం రోడ్డు మీద ఖనిజం లారీలు లేపే ఎర్ర దుమ్ముకు ఆ మాస్కును మించింది లేదు. పెట్టుకుని మోటార్ సైకిల్ నడిపి చూడండి, ముక్కు అద్దంలా ఉంటుంది!

మొన్న అట్లాగే మాస్కుతో భూషణం గారి తోట దగ్గర ఆగాను. అక్కడ ఎర్రయ్య పంపు మోస్తాడు, అతని భార్య తిరుపతమ్మ మందు కలుపుతుంది. డ్రమ్ములో మోచేతి దాకా చెయ్యి ముంచి తిప్పుతోంది.

"ఏందన్నా, మా వాసన పడ్తలేదా? ముక్కు మూసుకున్నవ్!"

"రోడ్డు దుమ్ము, చెల్లె."

"అయితె కిట్టు రోడ్డుకిచ్చిన్రా?"

ఎర్రయ్య పడి పడి నవ్వాడు. నాకు నాయకత్వం గుర్తొచ్చింది.

"చేత్తో కలపొద్దు, కర్రతో కలుపు."

"మందు కలిసిందో లేదో కర్రకు తెలుస్తదా అన్నా? చెయ్యికి తెలుస్తది. మా అత్త గూడ గిట్లనే కలిపింది."

సాళ్ళ మధ్య తిరుగుతూ కాసేపు ఉపన్యాసం ఇచ్చాను. అది ముగిసేలోపే ఆమె వాంతి చేసుకుని పడిపోయింది. నోట్లోంచి చొంగ. ఎర్రయ్య వెనక కూర్చుని ఆమెను పట్టుకుంటే మోటార్ సైకిల్ మీద బీజాపూర్ ఆస్పత్రికి తీసుకుపోయాను. దారంతా మాస్కు నా మూతికే ఉంది!

"ఏం మందు? సీసా ఏది?" అన్నాడు డాక్టరు.

సీసా తోటలో ఉంది. పడిపోయిన మనిషితో పాటు సీసా కూడా తేవాలని శిబిరంలో సారు చెప్పాడు. నేను మరిచిపోయిన సగంలో అదీ ఉంది. డాక్టరు చేతనైన వైద్యం మొదలుపెట్టాడు. ఎర్రయ్య జీపు పట్టుకుని వెనక్కి పరిగెత్తాడు. అతను సీసాతో వచ్చేదాకా ఆ మంచం పక్కన నేను ఒక్క ఉపన్యాసమూ ఇవ్వలేదు.

కాబట్టి ఒప్పుకోండి, మీ పథకం గెలిచింది. ఊళ్ళో ఒక మనిషిని పూర్తిగా కాపాడింది. నన్ను!

తిరుపతమ్మ బతికింది. చెయ్యి ఇంకా వణుకుతోంది. గురువారం మళ్ళీ మందు కొట్టాలని భూషణం గారి కబురు. తిరుపతమ్మ రాకపోతే ఇంకొకామెను పెట్టుకుంటారట. కిట్టు ఆమె ఇంట్లో దించి వచ్చాను, కానీ మాస్కు నిండా లారీ దుమ్మే. అది పనికిరాదు.

మందు కలిపే ఆడవాళ్ళు మా ఊళ్ళో పన్నెండు మంది. గురువారం పొద్దుటికల్లా పన్నెండు కొత్త మాస్కులు, పన్నెండు జతల గ్లౌజులు, సబ్బు, నీళ్ళు తోటలోకి తెండి. టెంటు వద్దు, దండలు వద్దు. డ్రమ్ము పక్కన నిలబడి తెలుగులో, మా దోర్లీ భాషలో చెప్పండి. అవి చేరేదాకా ఆ డ్రమ్ములో ఎవరూ చెయ్యి పెట్టకూడదు. తిరుపతమ్మ కూలి డబ్బులూ పోకూడదు!