టెలికాం షేరు కొనండి, సంసారం బాగుపడుతుంది!

ప్రతి సంసారీ కొన్ని టెలికాం షేర్లు కొని తీరాలని ప్రభుత్వం వెంటనే చట్టం తేవాలి! నవ్వకండి. అనుభవం మీద చెబుతున్నాను.

షేరు కొనకముందు బారెడు పొద్దెక్కితే గానీ లేచేవాణ్ని కాదు. ఇప్పుడు? కోడి కంటే ముందే లేచి కూర్చుంటున్నాను. మార్కెట్ అంత పొద్దున్నే తెరవరు, నిజమే. నిద్ర పట్టి చస్తేగా! ఆకలి సగానికి సగం తగ్గింది. ఏ డాక్టరు చేయగలిగాడండీ ఈ పని?

మా అకౌంట్స్ ఆఫీసర్ ఇదివరకు నేను నమస్కారం పెడితే తల తిప్పుకునేవాడు. ఇప్పుడు నా భుజం మీద చెయ్యేసి నడుస్తాడు. ఇద్దరం ఒకే రేటుకి కొన్నాం మరి! లిఫ్ట్ దగ్గర "ఎంత?" అని కళ్లతోనే అడుగుతాడు, నేను పెదవి విరుస్తాను. సొంత అన్నదమ్ములకైనా ఇంత మమకారం ఉంటుందా?

ఇక భాష సంగతి. మా ఇంట్లో "నష్టం" అన్న మాటే వినపడదు. పడితే కరెక్షన్, ఇంకా పడితే అవకాశం, మరీ పడితే లాంగ్ టర్మ్! వంటగది పైకప్పు బాగుచేయించడానికి దాచిన డబ్బే ఇందులో పెట్టాను. వాన వచ్చినప్పుడల్లా మా ఆవిడ పొయ్యి పక్కన బకెట్ పెట్టి, "ఏమండీ, మీ లాంగ్ టర్మ్ కారుతోంది, వచ్చి చూడండి" అని పిలుస్తుంది.

మా చిన్న వాటాదారుల వాట్సాప్ గ్రూపులో ఒక నియమం ఉంది. కంపెనీ మనదైనప్పుడు సిమ్ కూడా మనదే ఉండాలి! అందరం పాత సిమ్‌లు పీకి పారేశాం. సిగ్నల్ కోసం మేడ మెట్లెక్కడం మోకాళ్లకు ఎంత మంచిదో! మా ఆవిడ మాత్రం ససేమిరా మారనంది.

నిన్న జ్వరం వంకతో ఇంట్లో ఉన్నాను. చూద్దును కదా, షేరు ఎగిరింది! నేను కొన్న రేటు దాటేసింది! ఇప్పుడు అమ్మితే పైకప్పు పని అయిపోతుంది. ఇంటి వైఫై మీద యాప్ తెరిచి అమ్మకం నొక్కాను. ఓటీపీ పంపామంది. ఎక్కడికి? మన సిమ్‌కి!

కుర్చీ ఎక్కాను. కిటికీలోంచి చెయ్యి బయటికి చాపాను. గ్రూపు నిండా ఒకటే గోల: "ఓటీపీ ఎవరికైనా వచ్చిందా?" కాసేపటికి షేరు మళ్లీ చతికిలబడింది. నిజం చెప్పొద్దూ, ఏడుపొచ్చింది.

మా ఆవిడ ఫోను అడుక్కుని కస్టమర్ కేర్‌కి చేశాను.

"నేను మీ కంపెనీ వాటాదారుణ్నమ్మా! ఓటీపీ రాక షేరు అమ్ముకోలేకపోయాను!"

"నేనూ అంతే సార్. బోనస్ బదులు షేర్లే ఇచ్చారు" అంది అక్కడి అమ్మాయి. "నాకూ ఓటీపీ రాలేదు."

"మరి ఆ రేటుకి అమ్ముకున్నదెవరు తల్లీ?"

ఆ పిల్ల గొంతు తగ్గించింది. "మా చైర్మన్ గారు సార్."

"ఆయనకెలా వచ్చింది ఓటీపీ?"

"ఆయనది మన సిమ్ కాదు సార్!"